పంట చేతికొచ్చే నెల

(పర్చూరు ప్రాంత మిరప, పత్తి రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మిరప కాయ ఎరుపెక్కుతున్న రోజులివి. ఇంట్లో పని, చేలో పని, మేస్త్రి చుట్టూ తిరగడం, పట్టాలు వెతుక్కోవడం. ఇన్ని పనుల మధ్య మీటింగ్ ఏమిటని కొందరు గొణుక్కున్నారని విన్నాం. గొణుక్కున్నా వచ్చారు, సంతోషం. ఎక్కువసేపు ఆపం. ఒకే ఒక్క విషయం మాట్లాడుకుందాం. అది పంట చేతికొచ్చే నెల గురించి. విత్తనం గురించి, నల్ల తామర గురించి, ఎరువుల కొరత గురించి ప్రతి మీటింగ్‌లోనూ మాట్లాడుకుంటున్నాం. ఆఖరి నెల గురించి మాత్రం మాట్లాడుకోం. అప్పటికి అందరం అలిసిపోయి ఉంటాం. మనల్ని ముంచేవాడు సరిగ్గా అప్పుడే వస్తాడు.

ఈ మాట ఎందుకు గుర్తొచ్చిందో చెబుతాం.

ఫోనులో చూపించిన పంట

2025 ఫిబ్రవరి నాటికి గుంటూరు యార్డులో మిర్చి ధర ఎలా పడిపోయిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. రెండేళ్ల కిందట 20 వేలు దాటి చూసిన కళ్లు, 11 వేలు చూడలేక నీళ్లు పెట్టుకున్నాయి. కోత కూలి కూడా రాదని చేలో కాయ వదిలేసినవాళ్లు ఉన్నారు. అలాంటి రోజుల్లో ఒక తల్లి సంఘం దగ్గరికి వచ్చింది. ఊరు పేరు, మనిషి పేరు చెప్పం.

"అన్నా, మావాడు రాత్రిళ్లు ఫోను చూస్తూ ఏదో లెక్కలు రాస్తున్నాడు. టౌను నుంచి ఎవడో కారులో వచ్చి పోతున్నాడు. మీరొకసారి అడగండి" అంది.

పిలిచి కూర్చోబెట్టాం. డిగ్రీ మధ్యలో మానేసిన పిల్లాడు. మూడెకరాలు కౌలుకు చేసి మునిగినవాడు. దాచలేదు. "బాబాయ్, గంజాయి అంటే మన్యంలో కొండ మీద వేసేది కాదు. ఇది వేరు. మట్టి అక్కర్లేదు. గదిలో నీళ్లలోనే పెంచుతారు. హైడ్రోపోనిక్ అంటారు. లైట్లు, పైపులు, విత్తనం అన్నీ వాళ్లే ఇస్తారు. మనం షెడ్డు, కరెంటు, కాపలా ఇస్తే చాలు. పంట వాళ్లే తీసుకుపోతారు. ఒక్క గదిలో వచ్చేది మూడెకరాల మిరపలో రాదు" అన్నాడు.

ఫోనులో చూపించాడు కూడా. తెల్లటి గది, ఊదా రంగు లైట్లు, కుండీల్లో మొక్కలు. ఆఖర్లో ఎరువు ఆపేస్తారట. రంగు చూసి కోస్తారట. నీడన ఆరబెడతారట. తొందరపడి కోస్తే సరుకు పోతుందట, సరిగా ఆరకపోతే బూజు పడుతుందట. అక్కడున్న పెద్దాయన ఒకరు నవ్వి, "ఒరేయ్, ఇదంతా మన మిరపకాయకి నీ తాత చెప్పిన మాటే కదరా" అన్నారు. అందరం నవ్వాం. కానీ ఆ నవ్వులోనే అసలు విషయం ఉంది. ఏ పంటకైనా ఆఖరి నెల ఒకటే. కోత, ఆరబెట్టడం, దాచడం, అమ్మడం. డబ్బు వచ్చినా పోయినా అక్కడే.

ఆ పిల్లాణ్ణి మేము తిట్టలేదు. తిడితే ఆ రాత్రే కారెక్కి వెళ్లిపోయేవాడు. మూడు ప్రశ్నలు మాత్రం అడిగాం. "పంట కోశాక కాటా ఎవరిది? చీటీ ఎవరు రాస్తారు? డబ్బు ఎగ్గొడితే నువ్వు ఎవరికి చెప్పుకుంటావు?"

జవాబు లేదు.

గుంటూరు యార్డులో మనకు అన్యాయం జరుగుతోందని మనం అరుస్తాం. కాటాలో మోసం, మచ్చు పేరుతో గుప్పెళ్లకు గుప్పెళ్లు తీసుకోవడం, తాలు పేరుతో కోత. నిజమే. కానీ అరవడానికి అక్కడ గేటు ఉంది, కార్యదర్శి ఉన్నాడు, కమిటీ ఉంది, చేతిలో చీటీ ఉంది. రోడ్డు మీద కూర్చోవడానికి మనం ఉన్నాం. గంజాయి బేరంలో అవేవీ లేవు. వాడు చెప్పిందే తూకం, వాడు ఇచ్చిందే ధర. ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి "నా గంజాయి డబ్బు ఇవ్వలేదు" అని చెప్పలేవు. దళారి వ్యవస్థ మీద నలభై ఏళ్లుగా పోరాడుతున్న మనం, ఆ దళారులందరినీ మించిన దళారి చేతిలోకి మన పిల్లల్ని పంపుతామా?

చట్టం ఏం చెబుతోంది

కొందరికి ఇంకో అపోహ ఉంది. పది మొక్కలైతే కేసు ఉండదని, ఇంట్లో అయితే ఫర్వాలేదని. మాదక ద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. దాని 8వ సెక్షన్ ప్రకారం గంజాయి మొక్క సాగు నిషేధం. ఒక్క మొక్కైనా మొక్కే. మట్టిలో వేసినా, నీళ్లలో పెంచినా, మేడ మీద కుండీలో పెట్టినా తేడా లేదు. 20వ సెక్షన్ ప్రకారం సాగు చేసినవాడికి పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

పంట కోసి ఆరబెట్టాక దగ్గరున్న సరుకు బరువును బట్టి ఇంకో లెక్క. గంజాయి 20 కిలోలు దాటితే వ్యాపార పరిమాణం అంటారు. అప్పుడు తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువైతే ఇరవై. ఆ కేసులో బెయిలు కూడా మామూలుగా రాదు.

మనలాంటి వాళ్లు తప్పక తెలుసుకోవాల్సినవి ఇంకో మూడు ఉన్నాయి. ఒకటి, 25వ సెక్షన్. తెలిసి షెడ్డు గానీ, ఇల్లు గానీ, పొలం గానీ ఇచ్చినవాడికీ అదే శిక్ష. "నేను గది అద్దెకిచ్చాను అంతే" అంటే కుదరదు. రెండు, 46వ సెక్షన్. తన భూమిలో గంజాయి మొక్కలున్నాయని తెలిసి కూడా చెప్పకుండా ఊరుకున్న భూమి హక్కుదారు శిక్షకు పాత్రుడు. 47వ సెక్షన్ ఆ బాధ్యతను సర్పంచ్ మీద, గ్రామ అధికారుల మీద పెట్టింది. మూడు, 35వ సెక్షన్. మామూలు కేసుల్లో నేరం చేసే ఉద్దేశం ఉందని పోలీసులు రుజువు చేయాలి. ఈ చట్టంలో అది ఉన్నట్టే కోర్టు మొదలుపెడుతుంది. లేదని రుజువు చేసుకోవాల్సింది మనం.

ఇప్పుడు ఆ బేరం మళ్లీ చూడండి. షెడ్డు మనది, మీటరు మనది, కాపలా మనది, మొక్క పక్కన దొరికే మనిషి మనవాడు. కారులో వచ్చినవాడి పేరు ఎక్కడా లేదు.

మన్యంలో ఏం జరిగిందో చూశాం. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ మన్యంలో పోలీసులు వేల ఎకరాల్లో గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయి కుప్ప పోసి తగలబెట్టారు. దండుగా వచ్చి పెట్టుబడి పెట్టినవాళ్లు, లారీలు కట్టి ఊర్లు దాటించినవాళ్లు ఎంతమంది జైలుకు వెళ్లారో తెలియదు. అడవి బిడ్డలు మాత్రం కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. కొండ మీద గిరిజన రైతుకు జరిగింది రేపు మైదానంలో కౌలు రైతుకు జరగదని ఎవరు చెప్పగలరు? ఇప్పుడు 2024 నవంబరు నుంచి రాష్ట్రంలో ఈగల్ పేరుతో ప్రత్యేక పోలీసు విభాగం ఉంది. సమాచారం ఇవ్వడానికి 1972 నంబరు పెట్టారు. పిల్లల్ని ఈ బేరాల్లోకి లాగేవాడు మీ ఊళ్లో తిరుగుతుంటే ముందు సంఘానికి చెప్పండి, ఆ నంబరుకూ చెప్పండి. ఇందులో మొహమాటం వద్దు. ఆ సరుకు చివరికి చేరేది మన కాలేజీ పిల్లల దగ్గరికే.

ఒకప్పుడు మన దగ్గరే పండింది

ఆ పిల్లాడు ఇంకో మాట అన్నాడు. "బాబాయ్, రేపు సర్కారే పర్మిషన్ ఇస్తే? ఉత్తరాఖండ్‌లో ఇచ్చారట కదా."

ఉత్తరాఖండ్‌లో ఇచ్చింది నార కోసం, గింజ కోసం వేసే జనపనార లాంటి రకానికి. మత్తు పదార్థం చాలా తక్కువ శాతం ఉండాలి, దాటితే అదీ నేరమే. అది వేరే విషయం. కానీ ప్రశ్న మంచిది. సర్కారు అనుమతిస్తే రైతు బాగుపడతాడా?

దీనికి జవాబు మన పక్క ఊళ్లోనే ఉంది. దగ్గుబాడు మీకందరికీ తెలుసు. కారంచేడు మండలం. మన ఎడ్లబండ్లు తిరిగిన దారి. తెల్లదొరల కాలంలో, 1893-94లో, దేశమంతా గంజాయి వాడకం మీద, సాగు మీద విచారణ చేయడానికి ఒక కమిషన్ వేశారు. మద్రాసు రాష్ట్రంలో గంజాయి పండించే చోట్లు అని వాళ్లు రాసుకున్న వాటిలో దగ్గుబాడు ఒకటి. అప్పటికి ఇంకా గుంటూరు జిల్లా లేదు. 1904లో ఏర్పడింది. మన ఊళ్లన్నీ కృష్ణా జిల్లా లెక్కలో ఉండేవి.

అంటే మన నల్లరేగడిలో ఆ మొక్క సర్కారు లైసెన్సుతోనే పెరిగింది. మరి ఆ రైతులు మేడలు కట్టారా? ఆ పద్ధతి ఎలా నడిచేదో చూడండి. వేయడానికి లైసెన్సు కావాలి. కోశాక సరుకు ఇంట్లో ఉంచుకోకూడదు, సర్కారు గిడ్డంగికి తోలాలి. గిడ్డంగి నుంచి బయటికి వచ్చేటప్పుడు సర్కారు సుంకం వేసుకుంటుంది. అమ్మే దుకాణం వేలం పాడుకున్నవాడిది. పండించింది రైతు. సుంకం సర్కారుకు, లాభం పాటదారుకు. తాళంచెవి రైతు చేతిలో లేదు.

బెంగాల్‌లో నవ్‌గావ్ అని ఒక ప్రాంతం. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. అక్కడా అదే పంట, అదే సర్కారు. కానీ అక్కడి రైతులు 1917లో సహకార సంఘం పెట్టుకున్నారు. సరుకు సంఘం ద్వారా అమ్ముకున్నారు. మిగిలిన డబ్బుతో ఊళ్లలో బడులు, ఆసుపత్రులు నడిపారు. ఆ పంట అక్కడ 1987లో నిషేధమైంది. ఆ పంటను మనం పొగడక్కర్లేదు, అది ఆగిపోవడమే మంచిది. ఒకే మొక్క, ఒకే సర్కారు ఉన్నా ఒక చోట రైతు చేతికి కాస్త మిగిలింది. అది మొక్క గొప్పతనం కాదు. కోత తర్వాత పని రైతులు కలిసి తమ చేతిలోకి తీసుకున్నారు, అంతే.

అందుకే ఆ పిల్లాడికి చెప్పాం. "పంట మార్చితే బతుకు మారదురా. ఆఖరి నెల ఎవరి చేతిలో ఉందో అది మారాలి." ఒప్పుకున్నాడో లేదో గానీ ఆ కారు మళ్లీ రాలేదు. ఇవాళ ఈ మీటింగ్‌కి కుర్చీలు వేసినవాళ్లలో అతనూ ఉన్నాడు.

మన తప్పులు కూడా చెప్పుకుందాం

ఇప్పుడు మన మిరప దగ్గరికి వద్దాం. వేరేవాళ్లను అన్నాం కాబట్టి మనల్ని కూడా అనుకోవాలి.

కొన్నేళ్ల కిందట అప్పులవాడు గుమ్మంలో కూర్చుంటే, మేము సగం పండిన కాయ కూడా కోయించేశాం. నాలుగు రోజులు ఎండబెట్టి, చేతికి మెత్తగా తగులుతున్నా రాత్రికి రాత్రి సంచులకెత్తాం. ఆకాశం మబ్బుపట్టిందన్న భయం ఒకటి. పైగా కాయ విరక్కూడదని, తూకం పెరగాలని సంచికెత్తే ముందు నీళ్లు చిలకరించాం. అందరూ చేసేదే కదా అనుకున్నాం. యార్డులో దించేసరికి సంచి మధ్యలో వేడి పుట్టింది. కోసి చూపిస్తే లోపల గింజ నల్లబడి ఉంది. కొనేవాడు మచ్చు చూసి పెదవి విరిచి పక్క కుప్పకు వెళ్లిపోయాడు. చివరికి తాలు ధరకు ఇచ్చి, బస్సు చార్జీ మిగుల్చుకుని ఇంటికొచ్చాం. ఆ రోజు మమ్మల్ని ఎవరూ మోసం చేయలేదు. మేమే చేసుకున్నాం.

ఒక చిన్న లెక్క వేసుకోండి. ఎకరాకు 20 క్వింటాళ్లు వచ్చాయనుకుందాం. ధర 12 వేలు అనుకుందాం. 2 లక్షల 40 వేలు రావాలి. అందులో నాలుగు క్వింటాళ్లు తాలు అయి సగం ధరకు పోతే 24 వేలు పోయినట్టు. మిగిలిన పదహారు క్వింటాళ్లకు తేమ అని, రంగు లేదని క్వింటాకు వెయ్యి తగ్గిస్తే ఇంకో 16 వేలు. మొత్తం 40 వేలు. పురుగుమందు ఖర్చు తగ్గించుకోవాలని ఏడాదంతా తల కొట్టుకుంటాం. ఈ 40 వేలు పోయేది పది పదిహేను రోజుల్లో, అదీ కళ్లంలో.

కోత నుంచి కాటా దాకా

అనుభవం ఉన్న రైతులు, లాం ఫారం శాస్త్రవేత్తలు చెప్పేదీ, మనం చేసి చూసిందీ కలిపి చెబుతున్నాం. కొత్తగా సాగు చేస్తున్న పిల్లలు రాసుకోండి.

మొదటిది మందు. కోతకు ఎన్ని రోజుల ముందు పిచికారీ ఆపాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. కొట్టువాడు చెప్పడు, మనం చదవాలి. కోతకోతకీ మధ్య కూడా ఆ గడువు పాటించాలి. నల్ల తామర వచ్చిన 2021-22 నుంచి భయంతో చేతికందిన మందల్లా కొడుతున్నాం. ఆ అవశేషాలు కాయతో పాటే వెళతాయి. ఎగుమతి లోడు తిరిగొస్తే వ్యాపారి ఆ నష్టాన్ని మరుసటి వారం మన ధరలోనే రాబట్టుకుంటాడు.

రెండోది నీళ్లు. కోతకు ముందు తడి తగ్గించాలి. తడి పెట్టిన మర్నాడే కోస్తే కాయలో నీరెక్కువ, ఆరడానికి రోజులెక్కువ.

మూడోది కాయ. పూర్తిగా ఎర్రబడి చెట్టు మీదే కాస్త వడలిన కాయ కోయాలి. పచ్చి చార ఉన్నది ఎండితే తెల్లగా పాలిపోతుంది, అదే తాలు. పొద్దున్నే మంచు ఆరకముందు చేలో దిగొద్దు. మంచు తడితో కోసిన కాయ సంచిలోనే మగ్గుతుంది. కూలి తల్లులకు ఆ గంట ఆలస్యానికి కూలి కోయొద్దు. మన సరుకు కోసం ఆగమన్నది మనమే కదా.

నాలుగోది కుప్ప. కోసిన కాయను ఒకట్రెండు రోజులు నీడన కుప్పగా ఉంచితే రంగు ఒకేలా తిరుగుతుంది. అంతకుమించి ఉంచితే ఉడుకుతుంది.

అయిదోది ఆరబెట్టడం. అన్నిటికంటే పెద్దది ఇదే. చెట్టు మీద పండిన కాయలో మూడొంతుల దాకా నీరే. దాన్ని నూటికి పది, పదకొండు పాళ్ల తేమకు తేవాలి. మట్టి మీద పోయొద్దు. సిమెంటు కళ్లం లేకపోతే పట్టా. పలచగా పరవాలి, రోజుకు నాలుగైదు సార్లు తిరగేయాలి. సాయంత్రం మంచు దిగకముందే కుప్ప చేసి కప్పాలి, పొద్దున ఎండెక్కాక విప్పాలి. గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనాలి, కాయ వంచితే పొడి అయిపోకూడదు. మన చెవి నమ్మకమైనదే గానీ యార్డులో వాడు మీటరు పెడతాడు. కాబట్టి ఊరికి ఒక తేమ మీటరు సంఘం తరఫున కొందాం. బయల్దేరే ముందు మన అంకె మన దగ్గర ఉండాలి.

ఆరోది బూజు. తడి సరుకులో పట్టే బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. కడిగినా పోదు, వండినా పోదు. యూరప్ దేశాలు కిలో మసాలా దినుసులో దాన్ని 10 మైక్రోగ్రాముల దాకానే ఒప్పుకుంటాయి. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. నీళ్లు చిలకరించి మనం సంపాదించే రెండు కిలోల తూకం, గుంటూరు మిర్చి అన్న పేరునే తినేస్తుంది. తినేది కూడా మనలాంటి మనుషులే. ఈ పని ఇక చేయబోమని ఈ సభలో మాట అనుకుందాం.

ఏడోది సంచి. ఎరువుల సంచుల్లో, మందు డబ్బాలు పెట్టిన మూలలో కాయ పెట్టొద్దు. తాలు ఇంటి దగ్గరే ఏరించాలి. ఏరడానికి కూలి దండగ అనిపిస్తుంది. ఏరకపోతే గుప్పెడు తాలు చూపించి టిక్కి మొత్తానికి ధర కోస్తారు.

పత్తి రైతులకు ఒక్క ముక్క. పత్తికి కనీసం మద్దతు ధర ఉంది. 2025-26కి పొడుగు పింజ పత్తికి క్వింటా 8,110 రూపాయలు. కానీ సీసీఐ పూర్తి ధర ఇచ్చేది తేమ 8 శాతం లోపుంటేనే. అక్కడ నుంచి 12 దాకా కోత కోస్తుంది, 12 దాటితే కొనదు. తుపాను తడిసిన పత్తిని, మంచి పత్తిని ఒకే బోరెంలో కుక్కొద్దు. విడివిడిగా ఎండబెట్టి విడివిడిగా తోలండి.

అమ్మకం ఒంటరిగా వద్దు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో యార్డు నిండిపోతుంది. అందరం ఒకే వారం తోలతాం, ధర పడుతుంది, తిరిగి తీసుకురాలేం, ఇచ్చిన ధరకు ఇచ్చేస్తాం. ఒక ఊరి రైతులు పదిమంది మాట్లాడుకుని వంతులవారీగా తోలితే బండి కిరాయి కలిసొస్తుంది. కాటా దగ్గర నిలబడటానికి ఒకరికి ఇద్దరు ఉంటారు. మంచి సరుకు కొంత ఏసీలో పెట్టుకునే ఓపిక ఉంటే పెట్టండి. సరుకు తాకట్టు మీద అప్పిచ్చే రైతుబంధు పథకం మార్కెట్ కమిటీల్లో ఉంది, దాన్ని అడిగి రాబట్టుకోవాలి. అయితే ఏసీ బాండు కమీషన్ కొట్టువాడి చేతిలో పెట్టి రావద్దు. బాండు మన పెట్టెలో ఉండాలి.

చీటీ లేకుండా సరుకు దించొద్దు. తూకం, ధర, కోత, కమీషన్ అన్నీ రాయించుకోండి. తెల్ల కాగితం మీద రాసింది చీటీ కాదు.

సర్కారును అడగాల్సింది

ఇదంతా మనం చేసుకోవాల్సింది. అంతమాత్రాన సర్కారును వదిలేస్తామని కాదు. వాన పడి తడిసిన కాయకు రైతుదే తప్పంటే ఊరుకోం.

2025 ఫిబ్రవరిలో మనం గోల చేస్తే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది, 2 లక్షల 54 వేల టన్నుల వరకు అంది. అది రాష్ట్రం పంటలో నాలుగో వంతు లెక్క. మిగతా మూడు వంతులు పండించినవాడు రైతు కాదా? అదీ అప్పటికే చాలామంది అమ్ముకున్నాక వచ్చింది. ఎందుకంటే మిర్చి మద్దతు ధరల జాబితాలోనే లేదు. ధర పడినప్పుడల్లా ఢిల్లీ కాళ్లు పట్టుకోవాలి. మిర్చిని ఆ జాబితాలో చేర్చాలి. కోత మొదలవకముందే ధర ప్రకటించాలి.

ఊరూరా సిమెంటు కళ్లాలు కావాలి. సబ్సిడీ పట్టాలు డిసెంబరులో ఇవ్వాలి గానీ వానలు పడ్డాక కాదు. ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు పెట్టారు. అందులో ఆరబెట్టే, శుభ్రం చేసే సౌకర్యం చిన్న రైతుల సంఘాలకు అందుబాటులోకి రావాలి. యార్డులో తేమ మీటరు రైతు కళ్ల ముందు పెట్టాలి.

కౌలు రైతు మాట వేరే చెప్పాలి. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు కార్డు ఇవ్వాలి. భూమి యజమాని సంతకం పెట్టనంటే కార్డు లేదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం లేదు. ఫోనులో ఊదా రంగు లైట్లు చూసిన ఆ పిల్లాడికి కార్డు లేదు. బ్యాంకు తలుపు మూస్తే కారు తలుపు తెరుచుకుంటుంది. గంజాయి మీద యుద్ధం అంటున్న ప్రభుత్వం ఈ సంగతి కూడా చూడాలి. పోలీసులు మొక్క పీకగలరు, అప్పు పీకలేరు.

ఇక ముగిస్తాం. మూడు తీర్మానాలు చదువుతాం, సమ్మతమైతే చేతులెత్తండి. ఒకటి, మన ఊళ్లలో గంజాయి మొక్కకు గది గానీ, గట్టు గానీ ఇవ్వం, బేరానికి వచ్చినవాణ్ణి దాచం. రెండు, మిరపకాయ మీద నీళ్లు చిలకరించం. మూడు, ప్రతి ఊళ్లో పదిమంది చొప్పున జట్టు కట్టి, ఒక తేమ మీటరుతో, కలిసి యార్డుకు వెళతాం.

మొదటి కోత కళ్లంలోకి వచ్చేనాటికి మళ్లీ వస్తాం. గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఊపి చూస్తాం. గలగలమనాలి మరి.